బిళ్ళ బయట, మనిషి లోపల

సీసపు ఏప్రాన్ మొదటిసారి నా చేతికి ఇచ్చినప్పుడు నేను చేసిన పని దాన్ని తూచడం. తక్కెడలో కాదు, చేతుల్లోనే. బెల్లంపల్లిలో మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం. స్టీలు తూకం మీద అమ్ముతారు కాబట్టి మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు బరువులు వచ్చేవి. గిన్నె మీద వేలితో ఒక్క దెబ్బ వేసి దాని మందం చెప్పగలను. బిందె అడుగు తడిమి అతుకు ఎక్కడుందో చెప్పగలను. బొగ్గు గనులు ఒకటొకటే మూతపడి, జీతాల రోజున కూడా బజారు పలచగా కనిపించే కాలం వచ్చేసరికి మా నాన్న సగం షట్టరు దించి, "నువ్వన్న దుకాణం గాని పని సూస్కో" అన్నాడు. అట్లా ఎక్స్‌రే చదువు చదివి గోదావరిఖనిలో ఎముకల దవాఖానలో చేరాను.

దుకాణం వదిలాను గానీ బేరం నన్ను వదల్లేదు. ధర తగ్గించబడదని బోర్డు పెట్టిన చోట కూడా నేను మొదలుపెడతాను. మా ఆయన అప్పటికే రోడ్డు మీదికి వెళ్లి, నాకూ తనకూ ఏ సంబంధమూ లేనట్టు ఫోను చూసుకుంటూ నిలబడతాడు. చాలాసార్లు నేను గెలిచాననుకుని ఇంటికి తెచ్చిన వస్తువు పక్క దుకాణంలో ఇంకా తక్కువకు దొరుకుతుందని తర్వాత తెలుస్తుంది. అయినా మానను.

మా దవాఖానలో నేను పనిచేసేది రెండు చోట్ల. ఒకటి మామూలు ఎక్స్‌రే గది. అక్కడ గోడకు సీసం ఉంటుంది, నేను తెర వెనుక నిలబడి బటన్ నొక్కుతాను, నాకు పెద్ద బాధ లేదు. రెండోది ఆపరేషన్ థియేటర్. అక్కడ సీ-ఆర్మ్ అనే యంత్రం ఉంటుంది. ఆపరేషన్ జరుగుతుండగానే లోపలి ఎముకను టీవీ తెర మీద చూపిస్తుంది. విరిగిన కాలిలో రాడ్డు వేసేటప్పుడు డాక్టరుకు అది కళ్లు లాంటిది. కానీ అక్కడ ఎవరూ గోడ వెనుకకు పోయే వీలు లేదు. అందరూ బల్ల చుట్టూనే ఉంటారు.

కిరణం తిన్నగా రోగి మీదికే పోతుంది. అయితే రోగి ఒంటికి తగిలి నలువైపులా చిందుతుంది, పోపులో ఆవాలు చిట్లినట్టు. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల మీద ఎక్కువ, రెండడుగులు వెనక్కి జరిగినవాళ్ల మీద బాగా తక్కువ. అందుకే మాకు మూడు జాగ్రత్తలు చెబుతారు. తక్కువసేపు వాడాలి, దూరంగా నిలబడాలి, మధ్యలో సీసం ఉండాలి. ఆవాల మంట వెంటనే తెలుస్తుంది, ఇది తెలియదు. వాసన లేదు, వేడి లేదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పడేది కాబట్టి ఎవరికీ భయం ఉండదు. భయం లేని చోట జాగ్రత్తను అమ్మడం ఎంత కష్టమో నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది. మా నాన్న మూత లేని ప్రెషర్ కుక్కరు అమ్మినా అమ్మగలిగేవాడు గానీ ఇది అమ్మలేకపోయేవాడు.

మా డాక్టరు మంచి చేయి ఉన్నవాడు. బొగ్గు లారీల రోడ్డు మీద బండ్లు పడి వచ్చే కాళ్లకు, గనిలో బొగ్గు పెళ్ల మీదపడి వచ్చే కాళ్లకు ఆయన దగ్గర తేడా లేదు, రెండూ నడిచి ఇంటికి పోతాయి. ఆయనకున్న ఒకే చెడ్డ అలవాటు, యంత్రం నడుస్తుండగా చేయి తీయకపోవడం. తెర మీద రోగి ఎముక పక్కన ఆయన వేళ్ల ఎముకలు, వాటిలో ఒకదానికి ఉంగరం కనబడేవి. ఆయన ముఖం కంటే ఆయన వేళ్ల ఎముకలు నాకు ఎక్కువ పరిచయం.

"ఇంకొకటి కొట్టు" అనేవాడు ఆయన. కొట్టడమంటే ఒక్క క్షణం కిరణం వదిలి ఒక బొమ్మ తీయడం.

"ఇందాకటి బొమ్మ తెర మీదనే ఉన్నది సార్. దాన్ని చూసుకుంట వెయ్యండి."

"ఏం సేటమ్మా, ఇంట్లకెళ్లి తెచ్చి ఇస్తున్నవా?"

"ఇంట్లకెళ్లి తెస్తే గీ మాత్రం గూడ ఇయ్యకపోదును సార్. చెయ్యి తీయండి, కొడ్త."

చేయి తీసేవాడు. ఒకటి కొట్టేదాన్ని. అట్లా మా బేరం నడిచేది. నన్ను సేటమ్మ అని పిలవడం ఆయనే మొదలుపెట్టాడు. ఆ తర్వాత మత్తు డాక్టరు, చివరికి బయట టీ తెచ్చే ఆయన కూడా.

ఈ బేరంలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి మా థియేటర్ అక్క. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్లో ఉంటుంది, భర్త గనిలో, ఆమె మా దగ్గర. రోగిని బల్ల మీదికి ఎక్కించడం నుంచి దించడం దాకా ఆమె చేయి పడనిదే కేసు జరగదు. ముఖ్యంగా విరిగిన కాలును లాగి పట్టుకోవాలంటే ఆమెనే పిలుస్తారు. ఆ పట్టు ఎవరికీ రాదు. అంటే, చుట్టూ ఉన్న వాళ్లలో అందరికంటే చెడ్డ చోట, కాలు పట్టుకుని, కిరణం వచ్చే గొట్టం పక్కనే, ఆమె నిలబడుతుంది. ఆమె తొడుక్కునే ఏప్రాన్ అందరికంటే చెడ్డది.

అది ఎవరో పొడుగు మనిషి కోసం ఎప్పుడో కొన్నది. అక్క పొట్టి. కాళ్లకు అడ్డం పడకుండా నడుము దగ్గర మడిచి, పైనుంచి నాడాతో కట్టుకునేది. సీసపు ఏప్రాన్‌ను మడవకూడదు, చీర ఆరేసినట్టు కడ్డీ మీద వేలాడదీయాలి. మడిచిన చోట లోపలి సీసపు పొర విరుగుతుంది, పై గుడ్డ మాత్రం నవనవలాడుతుంటుంది. దాన్ని కడ్డీ మీద వేసేటప్పుడు ఒకసారి అలవాటుకొద్దీ వేళ్లతో తడిమాను. పొట్ట దగ్గర అడ్డంగా అతుకు వదిలిన బిందెలా తగిలింది. యంత్రం కింద పరిచి చూశాను. ఈ కొస నుంచి ఆ కొసకు గీతలు. సీసం ఉండాల్సిన చోట వెలుతురు.

బొమ్మ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాను. అక్క కొలతకు కొత్త ఏప్రాన్ కావాలన్నాను.

"చిన్న గీతలే కదా" అన్నాడు ఆయన.

"ఆ గీతలు ఆమె పొట్ట మీద ఉన్నయి సార్."

"చూడు సేటమ్మా, నువ్వు అడిగినవని కొంటే రేపు ఇంకొకటి అడుగుతవు. ఆమెకు ఎంత పడుతుందో తెలుస్తదా నీకు?"

"తెలుస్తది. బ్యాడ్జి ఇప్పిస్తే తెలుస్తది."

బ్యాడ్జి అంటే అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ బిళ్ళ. ఏప్రాన్ కింద, ఛాతీ మీద పెట్టుకోవాలి. మన ఒంటి మీద ఎంత కిరణం పడిందో అది పట్టి ఉంచుకుంటుంది. మూడు నెలలకోసారి వాటిని ప్రయోగశాలకు పంపితే, ఎవరికి ఎంత పడిందో రాసి పంపుతారు. అప్పటిదాకా మా దగ్గర డాక్టరుకు, మత్తు డాక్టరుకు, నాకు ఉండేవి. డాక్టరుది ఆయన కారులో స్టీరింగ్ ముందు, దేవుడి బొమ్మ పక్కన ఉండేది. కాలు పట్టుకునే అక్కకు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆమె రేడియేషన్ పని చేసే మనిషి కాదట, అటెండర్ అట.

"సరే" అన్నాడు డాక్టరు. "బ్యాడ్జి తెప్పిస్త. మూడు నెలలు చూద్దాం. దాంట్ల ఏమన్న వస్తే కొత్త ఏప్రాన్ కొంట. ఏం రాకపోతే నువ్వు మళ్ల ఆ ముచ్చట ఎత్తొద్దు."

"ఖరారేనా సార్?"

"ఖరారే."

ఆ రోజు ఇంటికి పోతూ దారి పొడుగునా నవ్వుకున్నాను. ఆమె నిలబడే చోటు నాకు తెలుసు, ఆమె ఏప్రాన్ తెలుసు. ముల్లు ఎటు మొగ్గుతుందో ముందే తెలిసిన తూకం అది. అంత తేలికైన బేరం నా జీవితంలో ఆడలేదు.

అక్కకు బ్యాడ్జి వచ్చింది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "బిళ్ళ మంచిగున్నది" అంది. ఆ రోజు నుంచి అందరం దాన్ని బిళ్ళనే అన్నాం. దాన్ని ఏప్రాన్ కింద ఛాతీ మీద పెట్టుకోవాలని చెప్పాను. అంతకంటే ముందు, జేబులో మరిచిపోయి ఉతుకులో వేయొద్దని, ఎక్స్‌రే గదిలో వదలొద్దని, బయట ఒక చోటు చూసి పెట్టుకోవాలని గట్టిగా చెప్పాను. ఆ చివరి మాట ఆమెకు బాగా నచ్చినట్టుంది. మరుసటి వారానికి థియేటర్ తలుపు బయట, చెప్పులు విడిచే చోటికి పైన, గోడకు ఒక చెక్క పలక వచ్చింది. దానికి వరసగా కొక్కేలు. ప్రతి కొక్కెం కింద తెల్ల సున్నంతో ఒక గుర్తు. వడ్రంగిని అడిగి ఆమే చేయించింది.

"అక్కా, షాన్‌దార్!" అన్నాను.

"మరి? ఎవల్ది వాళ్లకు."

డాక్టరు బిళ్ళ కూడా కారులోంచి దిగింది. తలుపు దగ్గర అక్క చేయి చాపి "సార్, బిళ్ళ" అంటే ఆయన బుద్ధిగా ఇచ్చేవాడట, కేసు అయ్యాక డబ్బాలో వేయడానికనుకున్నాను. మిగతా వేళ అవి నర్సుల గదిలో ఒక స్టీలు డబ్బాలో ఉండేవి. డబ్బా మా దుకాణంలోదే, నేనే తెచ్చి ఇచ్చాను. నా బిళ్ళ మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. నలుగురు తిరిగే చోట మన వస్తువును కొక్కేనికి వదలడం మా ఇంట్లో లేని అలవాటు. పొద్దున నా సొరుగు తాళం తీసి ఛాతీ మీద పెట్టుకునేదాన్ని, పోయేటప్పుడు మళ్లీ సొరుగులో పెట్టి తాళం వేసేదాన్ని.

"మా కొక్కెం మీద నమ్మకం లేదా చెల్లె నీకు?" అంది అక్క ఒకసారి.

"నీ మీద ఉన్నదక్కా. కొక్కెం మీదనే లేదు."

"దుకాణపోళ్ల బుద్ధి" అని నవ్వింది.

కేసు ఉన్న రోజు అందరికంటే ముందు థియేటర్లోకి పోయేది నేనే, యంత్రం సర్దాలి కాబట్టి. అందరికంటే చివర వచ్చేదీ నేనే. పోయేటప్పుడు కొక్కేలు ఖాళీగా ఉండేవి, వచ్చేటప్పుడూ ఖాళీగానే ఉండేవి. బిళ్ళలు డబ్బాలో క్షేమంగా కనిపించేవి. మధ్యలో అవి అందరి ఛాతీల మీద, ఏప్రాన్ల కింద ఉన్నాయనుకున్నాను. ఏప్రాన్ ఎత్తి చూడం కదా.

మూడు నెలలయ్యాక రిపోర్టు వచ్చింది. డాక్టరు నన్ను పిలిచి, కుర్చీలో వెనక్కి వాలి, ఆ కాగితాన్ని పెళ్లి పత్రికలా రెండు చేతులతో పట్టుకుని చదివాడు. ఆయనకు సున్నా. మత్తు డాక్టరుకు సున్నా. అక్కకు సున్నా. నాకు మాత్రం కొద్దిగా ఉంది. హద్దుకు చాలా లోపలే, కానీ ఉంది.

"ఏం సేటమ్మా? కాలు పట్టుకునే ఆమెకు సున్నా, మూలకు నిలబడే నీకు పడ్డదా?"

వంగి ఆ కాగితంలో అంకెలు నేనే మళ్లీ చూశాను.

"నువ్వే సరిగ్గ నిలబడతలేవు. ముందు నీ జాగ్రత్త చూసుకో. ఏప్రాన్ ముచ్చట అయిపోయింది, ఖరారు అన్నవు."

ఖరారు అన్న మాట నిజమే. మా ఇంట్లో బేరం కుదిరాక వెనక్కి పోవడం దొంగతనం కంటే తప్పు. నేను వచ్చేశాను. ఆ తర్వాత కొన్ని రోజులు రకరకాలుగా ఆలోచించాను. ప్రయోగశాలలో కలగలిసిపోయాయా? నాదీ అక్కదీ తారుమారయ్యాయా? తారుమారైతే డాక్టరుకు సున్నా ఎట్లా వస్తుంది? వేళ్ల ఎముకలు రోజూ తెర మీద చూసేదాన్ని, ఆ మనిషికి సున్నా అంటే ఎట్లా నమ్మాలి? దుకాణంలో పెరిగినదానికి సున్నా మీద ఎప్పుడూ అనుమానమే. ముల్లు అసలు కదలలేదంటే సరుకు లేదని కాదు, తక్కెడ దేనికో తగులుకుని ఉందని అర్థం.

"బిళ్ళ మరుస్తలేవు కద అక్కా?" అని అడిగాను.

"ఎట్ల మరుస్త చెల్లె? లోపల కాలు పెట్టక ముందుగాల అదే పని" అంది.

అట్లా ఇంకొన్ని రోజులు నడిచింది. అక్క అదే ఏప్రాన్ మడిచి కట్టుకుని అదే చోట నిలబడేది. తెర మీద బొమ్మ వచ్చినప్పుడల్లా నా కళ్లు ఆమె నడుము దగ్గర మడత మీదికి పోయేవి. డాక్టరు ఒకటి అడిగితే నేను అంతకుముందు కంటే గట్టిగా బేరమాడేదాన్ని. ఆయనకు విసుగు వచ్చి, "రిపోర్టు వచ్చినంక గూడ ఏందమ్మా నీ నస" అన్నాడు.

ఒక మధ్యాహ్నం థియేటర్లో కేసు మొదలయ్యేసరికి నేను ఎక్స్‌రే గదిలో ఇరుక్కుపోయాను. లారీ పక్కనుంచి రాసుకుపోయి ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ ఫోటోలు తీయాలి. యంత్రం ముందే సర్ది పెట్టాను కాబట్టి నా కోసం ఆగకుండా డాక్టరు తన కాలి కింద పెడల్‌తోనే పని మొదలుపెట్టాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. లోపల యంత్రం ఆగకుండా కూస్తోంది. నేను లేకపోతే బేరమాడేవాళ్లు ఎవరు?

చెప్పులు విడిచి తల ఎత్తాను. చెక్క పలక మీద ఏ గుర్తు దగ్గర ఆ బిళ్ళ వేలాడుతోంది. డాక్టరుది. మత్తు డాక్టరుది. అక్కది. మూడూ వరసగా, చక్కగా, లోపలి మోతతో తమకేం పని లేనట్టు.

ముగ్గురూ ఇవాళ మరిచిపోయారేమో అనుకున్నాను మొదట. తర్వాత వాటి కింద సున్నపు గుర్తులు చూశాను. తీసి వేసి, తీసి వేసి సున్నం అరిగిపోయి ఉంది. ఒక్కరోజు మరుపుతో గుర్తు అట్లా అరగదు.

కేసు అయిపోయాక అక్క బయటికి వచ్చింది. చెమట తుడుచుకుని, తన బిళ్ళ కొక్కెం మీంచి తీసుకుని డబ్బాలో వేయబోయింది.

"అక్కా, గిది గిక్కడ ఎందుకున్నది?"

"ఎక్కడుంటది మరి? నేను లోపల ఉంటి గద."

"నువ్వు లోపల ఉంటే గిది గూడ లోపల ఉండాలె."

ఆమె నన్ను వింతగా చూసింది. "లోపలికి పోయేటోళ్లు బిళ్ళ ఎంబడి తీస్కపోతరా ఎవలన్న? బిళ్ళ బయట, మనిషి లోపల. గంతే గద."

అప్పుడు నాకు వెలిగింది. గనిలోకి దిగే ముందు ప్రతి మనిషీ లైటు ఇచ్చే గది దగ్గర తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళను కొక్కేనికి తగిలించి లైటు తీసుకుంటాడు. పైకి వచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. కొక్కేనికి బిళ్ళ ఉందంటే మనిషి కింద ఉన్నట్టు. ఈ బొగ్గు బెల్టులో అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. కానీ మాది దుకాణం, మా ఇంట్లో ఎవరూ దిగలేదు. తెలిసినా అది నా ఒంట్లో లేదు.

"అక్కా, గది గనిల. గిది దవాఖాన."

"ఏడైతే ఏంది?" అక్క ముఖం బిగుసుకుంది. "మా బాపు ఒకనాడు షిఫ్టు అయినంక పైకి రాలే. అందరు వచ్చిండ్రు, ఇండ్లకు పోయిండ్రు. కొక్కేనికి ఒక్క బిళ్ళ మిగిలింది. గది మా బాపుది. దాన్ని సూసే మళ్ల దిగిండ్రు. కాలు ఇరుక్కోని చీకట్ల కూసున్నడట, లైటు గూడ అయిపోయి. బిళ్ళ జేబుల ఏసుకోని పోయుంటే ఎవలు సూద్దురు? మా అవ్వ బతికినన్ని రోజులు ఆ బిళ్ళకు దండం పెట్టింది, చర్చికి పోయి గూడ దాని గురించే ప్రార్థన చేసేది."

నేను చెప్పులు విడిచే చోటనే గట్టు మీద కూర్చున్నాను. ఆమె కూడా కూర్చుంది.

"గిది ఎవలు లోపల ఉన్నరో చెప్పేది కాదక్కా. లోపల నీ మీద ఎంత పడ్డదో చెప్పేది. నువ్వు ఏం జూస్తే గది జూడాలె. దాన్ని బయట కూసోబెడితే ఏం జెప్తది? ఏం పడలే అని చెప్తది. గదే చెప్పింది."

ఆమె చేతిలోని బిళ్ళను అటూ ఇటూ తిప్పింది. తర్వాత, "అంటే ఆ సున్నా నాది కాదా?" అంది.

"గా గోడది."

అక్క గోడను చూసింది. తర్వాత పొట్ట మీద మడతను చూసుకుంది. అప్పటిదాకా ఆ ఏప్రాన్ గురించి నేను ఎన్ని చెప్పినా, "నాకేం గాదు చెల్లె" అనే మనిషి, ఆ రోజు మాత్రం దాన్ని విప్పి, వేళ్లతో తడుముతూ కూర్చుంది.

డాక్టరు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన ముందు నవ్వాడు, కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత, "అయితే ఇప్పటికెళ్లి సరిగ్గ పెట్టుకొమ్మను. మళ్ల మూడు నెలలు చూద్దాం. ఏమన్న వస్తే కొంట. బేరం బేరమే" అన్నాడు.

అప్పుడు నా బేరం అసలు రూపం నాకు కనబడింది. నేను గెలవాలంటే అక్క ఇంకో మూడు నెలలు ఆ చీలికల వెనుక నిలబడి, ఒంటి మీద పడేదంతా పట్టుకోవాలి. ఎంత ఎక్కువ పడితే నాకు అంత లాభం. తేలికైన బేరమని దారి పొడుగునా నవ్వుకున్నది దీనికే. మా నాన్న వింటే దుకాణం మెట్లు దించేవాడు.

ఇక మూడు నెలల మాట నేను ఒప్పుకోదలచుకోలేదు. కొనేవాడికి వస్తువు గొప్పదనం చెప్పి లాభం లేనప్పుడు, అతని ఇంట్లో ఏం లేదో చెప్పాలి. ఇది మా నాన్న పద్ధతి.

"సరే సార్" అన్నాను. "అయితే మీది గూడ మళ్ల చూద్దాం."

"నాదేంది?"

"మీది గూడ సున్నానే కద."

"నాది..." అని ఆగాడు. "నేను అక్కకు ఇస్త కద, తలుపు దగ్గర."

"అవును సార్. ఆమె కొక్కేనికి పెడ్తది. మూడు నెలలు మీ బిళ్ళ గూడ చెప్పుల మీదనే ఉన్నది."

డాక్టరు నవ్వు తగ్గింది. "అంతకుముందు రిపోర్టులల్ల గూడ సున్నానే ఉండె కదా, ఇన్నేండ్లు?"

"అంతకుముందు కార్ల ఉండె సార్. మీ కారుకు ఏం ఢోకా లేదు."

ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని చూసుకున్నాడు. ముందు అరచేతులు, తర్వాత వెనక. ఉంగరం ఒకసారి తిప్పాడు. ఇన్నేళ్లలో ఆయన చేతులను ఆయన చూసుకోవడం నేను చూడటం అదే మొదలు. నాకు తెలిసిన ఎముకలు, పైన చర్మంతో.

నేను ఇంకేమీ అనలేదు. బేరంలో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియకపోతే మిగతా విద్యంతా వృథా. నాకు అది చాలాసార్లు తెలియదు. ఆ రోజు తెలిసింది.

"ఏప్రాన్ ఎవరు పంపుతరు?" అన్నాడు చివరికి.

"హైదరాబాద్‌ల ఉన్నరు సార్. నేను మాట్లాడ్త."

"మాట్లాడు. మూడు నెలలు ఏం అక్కరలేదు."

దర్జీ టేపుతో అక్క కొలతలు తీసుకున్నాను. భుజం నుంచి మోకాలి కింద దాకా, ఎక్కడా మడత అవసరం రాకుండా. అమ్మేవాడు ఫోన్లో అందరికీ ఒకటే సైజు అన్నాడు. అయితే అందరూ నాకు అక్కరలేదు, ఒక్క మనిషి కావాలి అన్నాను. ఒప్పుకున్నాడు. ఫోను పెట్టబోతుండగా నోరు ఊరుకోలేదు. గొంతుకు కట్టుకునే సీసపు పట్టీ ఒకటి ఊరికే వేయమన్నాను. కుదరదన్నాడు. రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, ఎన్ని ఊళ్లలో ఎన్ని దవాఖానలున్నాయో, అందరితో నాకు ఎంత మాట ఉందో చెప్పుకుంటూ పోయాను. నాకు ఎవరితోనూ మాట లేదు. చివరికి పట్టీ వేస్తానన్నాడు. పక్క గదిలోంచి వింటున్న డాక్టరు, "దుకాణం బెట్టుకోక ఈడికెందుకొచ్చినవమ్మా" అని అరిచాడు.

అది వచ్చేదాకా అక్కకు నా ఏప్రాన్ ఇచ్చాను. నేను చీలికలది వేసుకుని, బటన్ వైరు ఎంత దూరం వస్తే అంత దూరం లాగి, చక్రాల మీద నడిచే సీసపు తెర ఒకటి మూలన ఎప్పటినుంచో గుడ్డలు ఆరేసుకోవడానికి పడి ఉంటే దాన్ని తెచ్చి దాని వెనుక నిలబడ్డాను. నేను వెనక్కి పోగలను, కాలు పట్టుకునే మనిషి పోలేదు. కొత్తది వచ్చాక పాతదాన్ని కత్తిరించి వాడుక లేకుండా చేశాను. లేకపోతే ఎవరో ఒకరు మంచిగనే ఉంది కదా అని కట్టుకుంటారు.

కొత్త ఏప్రాన్ కట్టుకున్న మొదటి రోజు అక్క బిళ్ళను ఛాతీ మీద పెట్టుకుంది, పైన ఏప్రాన్, మెడకు పట్టీ. తలుపు దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి పలకను చూసింది. తన కొక్కెం ఖాళీగా ఉంది. లోపలికి పోయింది గానీ ఆ రోజు డాక్టరు రెండుసార్లు "గట్టిగ పట్టుకో" అనాల్సి వచ్చింది. ఆమెతో అట్లా అనడం అంతకుముందు నేను వినలేదు.

మర్నాడు ఆమె సెంటినరీ కాలనీ నుంచి వస్తూ చీర కొంగుకు ముడివేసి ఒక వస్తువు తెచ్చింది. ఇత్తడి బిళ్ళ. అంచులు అరిగి, మధ్యలో నంబరు సగమే కనబడుతోంది. వాళ్ల బాపు రిటైరైనప్పుడు ఎట్లా తెచ్చుకున్నాడో తెలియదు. నేను అడగలేదు. దాన్ని తన కొక్కేనికి తగిలించి, ఏప్రాన్ మీద చేయి వేసి, కింద ప్లాస్టిక్ బిళ్ళ ఉన్న చోట ఒకసారి తట్టుకుని లోపలికి పోయింది. ఆ రోజు డాక్టరు ఏమీ అనాల్సిన పని పడలేదు.

తర్వాతి మూడు నెలల రిపోర్టు వచ్చినప్పుడు ఎవరికీ సున్నా లేదు. అందరికీ హద్దు లోపలే. డాక్టరుది అందరికంటే ఎక్కువ. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కది నాదాని కంటే కొంచెం ఎక్కువ.

"నాకు ఎంతొచ్చింది?" అంది అక్క.

"కొద్దిగ అక్కా. భయపడేది కాదు."

"సున్నా పాయె" అంది, నిజంగానే కొంచెం బాధగా.

"పోనీ. గా గోడ సొమ్ము మనకెందుకు?"

ఆ రోజు తొడ ఎముక కేసు ఒకటి ఉంది. అక్క కాలు పట్టుకుని నిలబడింది. రాడ్డు సగం దిగాక డాక్టరు తెర వైపు చూసి, "ఇంకొ..." అని మొదలుపెట్టి ఆగాడు. ఇందాకటి బొమ్మనే చూశాడు, కొంచెంసేపు చూశాడు. తర్వాత చేయి వెనక్కి తీసుకుని, ఆ చేతిని ఒళ్లో పెట్టుకున్నట్టు ఏప్రాన్ మీద పెట్టుకున్నాడు.

"అక్కా, గొట్టం దిక్కు కాకుంట ఇటు జరుగు. కాలు ఇటుకెళ్లి గూడ పట్టొచ్చు" అన్నాడు. ఆమె జరిగింది. "ఒక్కటే కొట్టు సేటమ్మా."

ఒక్కటే కొట్టాను.